ఎవరూ ఎక్కరు

పెట్టె ఇంకా భోజనాల బల్ల మీదే ఉంది.

మూత సగం తెరుచుకుని ఉంది. లోపల ఒక కాఫీ కప్పు, కుర్చీలో నడుము వెనక పెట్టుకునే దిండు, ఆఫీసులో వేసుకునే పాత చెప్పులు, పదకొండేళ్ళ కిందటి ముఖంతో ఒక గుర్తింపు కార్డు.

భర్త మొహం తుడుచుకుంటూ వచ్చి పెట్టె ముందు ఆగాడు. కార్డు తీసి చూశాడు. మళ్ళీ ఉన్నచోటే, ఉన్నట్టే పెట్టాడు. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు బిగించే చేతులవి. ఏ వస్తువునైనా అంచులు పట్టుకునే ఎత్తుతాడు.

“ఇదేమిటి?”

“నా సామాను.”

“అది కనిపిస్తూనే ఉంది. ఇంటికెందుకొచ్చింది?”

ఆమె పొయ్యి మీద పాలగిన్నె వైపు చూస్తోంది. పొంగడానికి ఇంకా సమయం ఉంది. అయినా చూపు తిప్పలేదు.

“నిన్న ఆఖరి రోజు.”

“దేనికి ఆఖరి రోజు?”

“ఉద్యోగానికి.”

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని నాలుగు మడతలు వేశాడు.

“రాజీనామా ఎప్పుడిచ్చావు?”

“నెలయింది.”

“నెల.” ఇంకోసారి అన్నాడు. “నెల. రోజూ పొద్దున్నే డబ్బా సర్దుకుని వెళ్ళావు. సాయంత్రం వస్తే కాళ్ళు నొప్పులా అని అడిగాను. అవునన్నావు.”

“నోటీసు కాలం అండీ. నిజంగానే వెళ్ళాను. కాళ్ళు నిజంగానే నొప్పులు.”

“అన్నీ నిజాలే చెప్పావు. ఒక్కటి మాత్రం ఏరి పక్కన పెట్టుకున్నావు.”

“చెప్పాలనే అనుకున్నాను.”

“ఎప్పుడు? పెట్టె తెచ్చాకా?”

“కొత్త కంపెనీవాళ్ళు రమ్మంటున్నారని చెప్పానుగా మీకు.”

“రమ్మంటున్నారని చెప్పావు. ఇక్కడ మానేశానని చెప్పలేదు. రెండూ ఒకటేనా? సరే, అయింది. ఆ ఉద్యోగం చేతికొచ్చిందా?”

“వచ్చినట్టే.”

“వచ్చినట్టే అంటే? వచ్చిందా, రాలేదా?”

“మీ దుకాణంలో అడిగినట్టు అడక్కండి. ఈ అద్దం బాగుందా, ఈ అద్దం బాగుందా అని.”

మామూలుగా అయితే అతను నవ్వేవాడు. పెళ్ళైన కొత్తలో ఆ మాటకి పడీ పడీ నవ్వేవాడు.

పాలు పొంగిపోయాయి. ఆమె చూస్తూనే ఉంది. గిన్నె అంచు దాటి, పొయ్యి మీదికి జారి, మంట ఆరిపోయేదాకా చూస్తూనే ఉంది. ఆ తర్వాతగానీ అది తను చూస్తున్న పాలగిన్నె అని తోచలేదు.

“మూడు రోజుల పరీక్ష ఒకటి ఉంది,” అంది గుడ్డతో తుడుస్తూ. “వాళ్ళ కొత్త ఆట పంపారు. అందులో తప్పులు పట్టి, ఆడిన రికార్డింగుతో సహా పంపాలి. నామమాత్రమే అన్నారు.”

“రాశారా, అన్నారా?”

“అన్నారు.”

“గడువెప్పటిదాకా?”

“ఇవాళ సాయంత్రం ఐదు.”

“ఎన్ని తప్పులు దొరికాయి?”

గుడ్డ పిండింది. ఆరేసింది. మళ్ళీ తీసి పిండింది. నీళ్ళు రాలేదు.

“ఒక్కటీ దొరకలేదు.”

పక్క గదిలోంచి టకటకమని ఆట మీటల చప్పుడు వినిపిస్తోంది. మామగారు లేచారన్నమాట.

*

పదకొండేళ్ళు ఆమె చేసిన పని గోడల్ని గుద్దుకోవడం.

ఆ ఆఫీసులో వీడియో గేములు తయారవుతాయి. ఆటలో ఎన్ని గదులు, ఎన్ని సందులు ఉంటే అన్నిటిలోకీ వెళ్ళి, బొమ్మ మనిషిని ప్రతి గోడకీ ఆనించి నెట్టాలి. మనిషి ఆగిపోతే గోడ సరిగ్గా ఉన్నట్టు. గోడలోంచి అవతలికి జారిపోతే తప్పు. తప్పు దొరికితే రిపోర్టు. రోజుకి నాలుగైదు వందల గోడలు. పక్క సీట్లలోని కుర్రవాళ్ళు ఆమెకి గోడక్క అని పేరు పెట్టారు. ఏం గోడక్కా, ఇవాళ ఎవరైనా దారిచ్చారా అనేవారు.

మొదటి ఏడాది ఏదైనా గోడ దారిస్తే అవతల ఏముందోనని ఆత్రంగా తొంగి చూసేది. ఏమీ ఉండదు. తెల్లగా ఉంటుంది. నేల ఉండదు, పైకప్పు ఉండదు. బొమ్మ మనిషి ఆ తెలుపులో కిందికి పడుతూనే ఉంటాడు. రెండో ఏడాది నుంచి తొంగి చూడటం మానేసింది. ఐదో ఏడాదికి, గోడ ఆపుతుందో లేదో గుద్దకముందే చేతికి తెలిసిపోయేది. అది నైపుణ్యం అనుకుంది. ఎప్పుడో ఒకరోజు చేతికి తెలిసిపోవడం ఎక్కువై కంటికి కనిపించడం తగ్గిపోయింది. అది ఏ రోజో మాత్రం ఆమెకి తెలియదు. అలాంటి రోజులు రిపోర్టులోకి ఎక్కవు.

నిన్న సాయంత్రం కుర్రవాళ్ళు చుట్టూ చేరి, “గోడక్కా, ఇక గోడలకి దిక్కెవరు?” అన్నారు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. టీము లీడరు నవ్వలేదు. సోమవారం నుంచి ఆ సీటులో మనిషి ఉండడని చెప్పాడు. ఒక ప్రోగ్రాము వస్తోంది. అది రాత్రీ పగలూ గోడల్ని గుద్దుతూనే ఉంటుంది, దానికి నడుము నొప్పి రాదు.

“కాబట్టి మళ్ళీ వస్తానంటే కష్టం మేడమ్,” అన్నాడు. అతని గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

ఆరు గంటలకి కార్డు పనిచేయడం ఆగిపోతుందన్నారు. ఆరూ అయిదుకి వీధిలోకి వెళ్ళినదల్లా వెనక్కి వచ్చి, గుమ్మం దగ్గర కార్డు ఆనించి చూసింది. ఎర్ర దీపం వెలిగింది. సరిగ్గానే పనిచేస్తోంది అనుకుని పెట్టె ఎత్తుకుంది.

ఆమె చేసిన ఆఖరి పరీక్ష అదే.

*

కొత్త కంపెనీవాళ్ళు ఆమెను ఎందుకు పిలిచారో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆమెకి తెలుసు.

నిరుడు మామగారికి కుడిచెయ్యి పడిపోయి, కొంత తిరిగొచ్చింది. వేళ్ళకి పని చెప్పమన్నాడు డాక్టరు. రబ్బరు బంతి ఇస్తే రెండు రోజుల్లో విసిరేశారు. అప్పుడామె ఆట ఆడించే తన కంట్రోలరు ఆయన చేతిలో పెట్టింది. తెర మీద ఏ ఆట ఉంటే అది. ఆ కొత్త కంపెనీవాళ్ళు అప్పుడే తమ ఆట ఒకదాన్ని అందరూ ఆడి తప్పులు చెప్పమని ఉచితంగా వదిలారు. కోటలో చిక్కుకున్న జనాన్ని గదులన్నీ దాటించి బయటికి తీసుకురావాలి. ముందు మనం నడుస్తుంటే వెనక వాళ్ళు వస్తుంటారు.

ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి ఆయన. కంట్రోలరుని స్టీరింగు అనేవారు. కదిలే ముందు తన తలతోబాటు బొమ్మ తలని కూడా ఎడమకీ కుడికీ తిప్పి చూసేవారు. వెనక్కి రావాలంటే తిరిగి నడిచేవారు కాదు, వీపుతో నడిపించేవారు. ప్రతి తలుపు దగ్గరా ఆగేవారు. నాలుగు సెకన్లు, ఒక్కోసారి ఐదు.

“ఎందుకాగారు మామయ్యా?” అని అడిగింది ఒకసారి.

“జనం ఎక్కాలిగా అమ్మా. గంట కొట్టందే ఎలా కదులుతాం?”

ఆట తయారుచేసినవాళ్ళు ఎవరూ తలుపు దగ్గర ఆగలేదు. ఎవరూ ఆగుతారని అనుకోలేదు. ఆయన ఆగేసరికి వెనక జనం వచ్చి వీపు మీద పడ్డారు. తలుపు సందులో ఒత్తిడి పెరిగి కాళ్ళ కింద నేల విడిపోయింది. అందరూ కలిసి తెల్లటి శూన్యంలోకి పడిపోయారు.

“బ్రిడ్జి కూలిందమ్మాయ్!” అని అరిచారు ఆయన.

ఆమె రిపోర్టు రాసి, ఆట రికార్డింగుతో సహా వాళ్ళకి పంపింది. తలుపు దగ్గరికి వెళ్ళాను. ఆగాను. నేల కుంగింది. పడ్డాను. అలాంటివి తొమ్మిది రాసింది, తొమ్మిదీ మామగారి ఆటలోంచే. అవి చూసే వాళ్ళు ఆమెను పిలిచారు. “నేను” అన్న మాట ఎక్కడా రాయలేదు. మన భాషలో ఆ అవసరం లేదు. క్రియ చివర ఒక చిన్న అక్షరం ఉంటే చాలు.

తొమ్మిదోది రాసేనాటికి తలుపు దగ్గర తనే ఆగినట్టు ఆమెకి గుర్తుండటం మొదలైంది.

అందుకే ఈ పరీక్ష ఆటని మామగారి చేతికి ఇవ్వలేదు. రెండు సాయంత్రాలూ తనే ఆడింది. ఈసారి తనే ఆగాలనుకుంది. ప్రతి తలుపులోంచీ నీళ్ళలో చేపలా జారిపోయింది. ఎక్కడెక్కడ నడవమని తయారుచేసినవాళ్ళు అనుకున్నారో అక్కడే నడిచింది. ఆ కాళ్ళు ఆమెవి కావు.

*

“ఒకసారి నాన్న గదిలోకి రా,” అన్నాడు భర్త తువ్వాలు బల్ల మీద పెట్టి. గొంతు కాస్త తగ్గింది. “పెట్టె సంగతి తర్వాత చూద్దాం. ఆయన వారం నుంచి నీకేదో చూపించాలని కాచుకుని ఉన్నాడు.”

ఆమె లాప్‌టాపు తీసుకుని వెళ్ళింది. ఇక సిగ్గుపడటానికి సమయం లేదు. గడువుకి ఏడు గంటలే ఉన్నాయి.

మామగారు మంచం అంచున నిటారుగా కూర్చుని ఉన్నారు. ఎత్తు చాలలేదని పరుపు మీద దుప్పటి మడిచి వేసుకున్నారు.

“రా అమ్మాయ్, రా. వీడు చెప్పొద్దన్నాడు, నిన్ను హడలగొడదామని.”

“మామయ్యా, ఇవాళ కొత్త ఆట ఆడతారా? ఇది వరద వచ్చిన ఊరు. పాత దానిలాగే, జనాన్ని ఇళ్ళలోంచి దాటించాలి.”

“ఊరేదైతే ఏమిటి, రోడ్డుంటే చాలు. ఈ స్టీరింగు దానికి తగిలించు.”

తీగ కలిపింది. రికార్డింగు పెట్టింది. తెర మూలన ఎర్ర చుక్క వెలిగింది. గోడకి ఆనుకుని నిలబడింది.

మొదటి ఇల్లు. మొదటి తలుపు. మామగారు ఆగలేదు.

రెండో తలుపులోంచి వంగి దూసుకుపోయారు. మెట్ల దగ్గర ఎగిరి మూడు మెట్లు ఒకేసారి దాటించారు. తల తిప్పి చూడలేదు. కుడి బొటనవేలు నిరుడు గాలిలో ఆకులా వణికేది. ఇప్పుడు మీట మీద స్థిరంగా ఉంది.

“వెనకాల జనం ఉన్నారు మామయ్యా,” అంది నెమ్మదిగా.

“ఉంటారమ్మా. వాళ్ళే వస్తారు. చూడక్కర్లేదు.”

“చూశావా, చూశావా!” అని భర్త మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. “ఎడమకి నాన్నా, ఎడమకి. ఆఁ, అదీ!”

పావుగంటలో వరద ఊరి మొదటి వీధి ఖాళీ అయింది. తెర మీద పతకం మెరిసింది.

“గెలిచానమ్మాయ్! ఒక్క ప్రాణం పోలేదు!”

ఎక్కడా నేల కుంగలేదు. ఎక్కడా ఏ తప్పూ లేదు.

“తలుపుల దగ్గర ఆగలేదేం మామయ్యా?”

“ఎందుకమ్మా ఆగడం? ఎవరూ ఎక్కరుగా.”

భర్త పెద్దగా నవ్వాడు. “నెల పట్టింది తెలుసా ఆ ఒక్క అలవాటు మాన్పించడానికి! నాన్నా, ఇది బస్సు కాదు, ఎవరూ ఎక్కరు, ఎవరూ ఎక్కరు అని రోజూ పొద్దున్న అదే పాట. గోడకి చెప్పుకున్నట్టే ఉండేది. నువ్వు ఎనిమిదింటికి వెళ్ళిపోతావు, నా దుకాణం పదకొండుకిగానీ తెరవరు. ఆ మూడు గంటలూ ఇదే పని మా ఇద్దరికీ.”

“ఎందుకు నేర్పారు?”

ఆ మాట ఆమె అనాలనుకోలేదు. నోట్లోంచి జారిపోయింది. మామగారు కంట్రోలరుని ఒళ్ళో పెట్టుకుని ఇద్దరి మొహాలూ చూశారు. కదలబోతూ అద్దంలో చూసుకునే చూపు అది. ఎడమకి ఒకసారి, కుడికి ఒకసారి.

“బాగా ఆడారు మామయ్యా,” అంది ఆమె. “చాలా బాగా ఆడారు.”

*

వంటింట్లో ఇంకా మాడిన పాల వాసన ఉంది.

“ఎందుకు నేర్పారు అంటే ఏమిటి?” భర్త గొంతు తగ్గించి అడిగాడు. గొంతు తగ్గించాడంటేనే ఆమెకి భయం. “మా నాన్నతో నేను మాట్లాడిన మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. చిన్నప్పుడు నేను లేచేసరికి ఆయన బండి మీద. ఆయన వచ్చేసరికి నేను నిద్రలో. నలభై మూడేళ్ళకి ఒక్క నెల దొరికింది. అదే ఎందుకని అడుగుతున్నావు.”

“మిమ్మల్ని కాదండీ. నన్ను నేను...”

“సరిగ్గా చెప్పు.”

చెప్పింది. పొయ్యి వైపు తిరిగి చెప్పింది. తొమ్మిది రిపోర్టులు, తొమ్మిది తలుపులు, బ్రిడ్జి కూలడం. చెబుతుంటే అది పెద్ద మోసంలా లేదు. మరీ చిన్నదిగా, చేతిసంచీలో పట్టేటంతగా ఉంది. అదే ఎక్కువ సిగ్గనిపించింది.

కుళాయి చుక్క చుక్కగా కారుతోంది. ఇద్దరిలో ఎవరూ వెళ్ళి కట్టలేదు.

“ఏమని రాశావు వాటిలో? ఆగాను అనా, ఆగారు అనా?”

“ఆగాను అని.”

“ఒక్క అక్షరం.”

“అవి అలాగే రాస్తారండీ. ఎవరాడినా...”

“అలాగే రాయాలా?”

“అక్కర్లేదు,” అంది.

“ఇప్పుడేమో ఆయన చెయ్యి బాగుపడింది. ఆట వచ్చేసింది. నీకు కష్టం వచ్చింది.”

“నేనలా అన్నానా?”

“అనలేదు. ఆయన గెలిచానమ్మాయ్ అన్నప్పుడు నీ మొహం చూశాను. రోజంతా నేను చూసేది మొహాలే. కొత్త కళ్ళజోడు పెట్టుకుని బాగుందండీ అంటారు. ఎవరికి బాగాలేదో నాకు తెలిసిపోతుంది.”

“అయితే నేనేం చెయ్యాలో అది కూడా చెప్పండి.”

“నాకు తెలియదు.” అతను చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. ఒకటి తప్పు కాజాలో పడింది. చూసుకోలేదు. ఆమె చూసింది. చెప్పలేదు. “ఆ ఉద్యోగం వచ్చిందే అనుకో. సోమవారం వెళ్ళి కూర్చుంటావు. తర్వాత ఎవరిని ఆగమంటావు?”

అదే ప్రశ్న మూడు రోజులుగా ఆమె లోపల నడుస్తోంది. ఇంకొకరి నోట వింటే దానికి ప్రాణం వచ్చినట్టయింది.

అతను వెళ్ళిపోయాడు. తలుపు వేసుకో అని రోజూ అనేవాడు. ఇవాళ అనలేదు.

*

పదకొండున్నరకి ఫోను మోగింది. కొత్త కంపెనీలో పరీక్షల విభాగం హెడ్డు. ఆవిడ గొంతు ఎప్పుడూ నవ్వబోతున్నట్టే ఉంటుంది.

“మేడమ్, చిన్న మార్పు. ఐదింటికి ఫైలు పంపక్కర్లేదు. మూడింటికి మీరు ఆడుతుండండి, మేం ఇక్కడినించి చూస్తాం. నేనూ, మా ఇంజినీర్లు ఇద్దరూ. మీ అభిమానులండీ వాళ్ళు.”

“అభిమానులా?”

“మరి! మీ తలుపు ఇక్కడ ఓ వాడుక మాట అయిపోయింది. ఏదైనా కట్టగానే, ఆవిడ తలుపు దగ్గర నిలబడితే తట్టుకుంటుందా అనుకుంటాం. మీకెలా తోచిందండీ అలా ఆగాలని?”

ఇదీ తలుపే. ఇక్కడ ఆగి నిజం చెప్పొచ్చు. ఆమెకి ఆ సంగతి స్పష్టంగా తెలుసు. వెనక జనం ఎవరూ తోయడం లేదు. నేల గట్టిగానే ఉంది.

“అలవాటండీ,” అంది.

ఫోను పెట్టేశాక ఆ మాటని నోట్లో మళ్ళీ అనుకుని చూసింది. అబద్ధం కూడా కాదు. ఎవరి అలవాటో చెప్పలేదు, అంతే.

మామగారికి అన్నం పెట్టింది. ఆయన తిన్నంతసేపూ ఎదురుగా కూర్చుంది. చెంచా ఒక్కసారి కూడా తొణకలేదు.

“మామయ్యా, ఒక సాయం చేస్తారా?”

“చెప్పమ్మా.”

“ఇదివరకు ఆడినట్టు ఆడతారా? తలుపు దగ్గర ఆగుతూ. బస్సు నడిపినట్టు.”

ఆయన ఎందుకని అడగలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి కంట్రోలరు తీసుకున్నారు. మొదటి తలుపు దగ్గర ఆపారు. “ఒకటి, రెండు, మూడు, నాలుగు” అని పైకే లెక్కపెట్టి, బాగుందా అన్నట్టు ఆమె వైపు చూశారు. రెండో తలుపు దగ్గర రెండు దాకానే లెక్కపెట్టారు. మూడో తలుపు దగ్గర వేలు తనంతట తనే మీట నొక్కేసింది. ఆపబోయేసరికి బొమ్మ గుమ్మానికి గుద్దుకుని, వెనక్కి తూలి, మళ్ళీ దూసుకుపోయింది.

“రావట్లేదమ్మా,” అన్నారు. “తప్పుగా ఆడాలా నేను?”

“తప్పు కాదు మామయ్యా...”

“ముప్పై ఏళ్ళలో ఒక్కరోజు కూడా కావాలని తప్పు నడపలేదమ్మాయ్. తెలియక చేసుంటాను. అది వేరు.” కంట్రోలరుని రెండు చేతులతో తిరిగిచ్చారు. “నీ ఆఫీసువాళ్ళు ఏమైనా అన్నారా?”

“ఏం అనలేదు.”

“ఇప్పుడు తెలిసిపోయిందిగా నాకు. తెలిశాక మళ్ళీ ఎలా?”

ఏళ్ళ తరబడి ఆమె జబ్బు కూడా అదే, తెలిసిపోవడం. ఎవరూ దానికి పేరు పెట్టలేదు.

*

మూడింటికి ఎర్ర చుక్క వెలిగింది.

చెవిలో హెడ్డు గొంతు, ఆవిడ వెనక మగగొంతులు రెండు, కుర్చీలు జరుపుకున్న చప్పుడు. “మొదలుపెట్టండి మేడమ్. మేం లేమనుకోండి.”

ఆమె మామగారి మంచం అంచునే కూర్చుంది, ఆ దుప్పటి మడత మీదే. ఈ గదిలో తప్ప వేరేచోట ఆడగలననిపించలేదు. మామగారు కిటికీ పక్క కుర్చీలోకి మారారు.

మొదటి తలుపు. ఆగింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. జనం వెనక మర్యాదగా నిలబడ్డారు. నేల కదలలేదు. చెవిలో ఎవరో ఊపిరి బిగబట్టి వదిలారు.

రెండో తలుపు. ఎడమకీ కుడికీ తల తిప్పించింది. ఆయన తిప్పినట్టే తిప్పించానని తెలుస్తూనే ఉంది. వీపుతో రెండడుగులు వెనక్కి నడిపింది. చేతుల్ని వణికించబోయింది. వేళ్ళు వినలేదు. లెక్కపెట్టి ఆగితే అది ఆగడం కాదు, నిలబడటం. ఆయన ఎవరికోసమో ఆగేవారు. ఆయన కళ్ళకి నిజంగా మనుషులు ఎక్కుతూ కనిపించేవారు. ముసలివాళ్ళు, సంచులు మోసేవాళ్ళు, పరుగెత్తుకొచ్చి కడ్డీ పట్టుకునేవాళ్ళు.

ఆమెకి ఎవరూ కనిపించడం లేదు.

మూడో తలుపు. బొటనవేలు కింద చెమట. ఒకటి. రెండు. మూడు.

“వెళ్ళమ్మా.” కిటికీ దగ్గర్నించి మామగారి గొంతు. మెల్లగా, ముద్దుగా, ఆట నేర్పేవాళ్ళు మాట్లాడేటట్టు. “ఎందుకు ఆగుతావు? ఎవరూ ఎక్కరు.”

అవతల ఒక కుర్చీ కిర్రుమంది.

“ఎవరండీ మాట్లాడింది?” హెడ్డు అడిగింది.

“మా మామగారు.”

“ఏం చేసేవారు ఆయన?”

“బస్సు నడిపేవారు.”

అటువైపు ఎవరో ఏదో గొణిగారు. కాగితాలు తిరగేసిన చప్పుడు. హెడ్డు గొంతులో నవ్వబోతున్నట్టుండే ఆ వంపు ఇప్పుడు లేదు.

“మేడమ్, ఏమీ అనుకోకండి. ఆ పాత రికార్డింగుల్లో తలుపుల దగ్గర ఎందుకు ఆగారు?”

ఆగారు. ఆ మాట తననా, ఆయననా? పిలిచే మర్యాద ఇద్దరికీ ఒకటే. ఆవిడ ఏది అడిగిందో తెలియదు. బహుశా తెలియకూడదనే అలా అడిగింది.

ఆమె కిటికీ వైపు చూసింది. మామగారు తెర వైపే చూస్తున్నారు. కుడిచెయ్యి ఒళ్ళో నిలకడగా ఉంది. బొమ్మ ఎందుకు కదలడం లేదో ఆయనకి అర్థం కావడం లేదు.

“ఆగా...” అంది ఆమె.

చివరి అక్షరం నాలుక మీద ఉండిపోయింది. తెర మీద బొమ్మ మనిషి ఇంకా తలుపు ముందే ఉన్నాడు. అతని వెనక జనం ఒకరినొకరు ఒరుసుకుంటూ దగ్గరికి జరుగుతున్నారు.